పెయ్యల దాణాలో ఎంజీఏ, మోనెన్సిన్: హార్మోన్ల మీద ఏం చేస్తాయి, ఎక్కడ తేడా కొడుతుంది?

నెబ్రాస్కా పెయ్యలు

60 యాంగస్ క్రాస్ పెయ్యలు, వయసు 13 నెలలు. సగటు బరువు 345 కిలోలు, తల్లుల మంద సగటు 580. మే 20న అన్నిటికీ ఒకేరోజు కృత్రిమ గర్భధారణ చేయించాలని ఆలోచన. దాణా మిల్లు వాళ్లు ఎంజీఏ 14 రోజులు పెట్టమంటున్నారు. మోనెన్సిన్ ఇప్పటికే తలకు రోజుకు 200 మి.గ్రా. వెళ్తోంది.

తెలుసుకోవాల్సినవి మూడు. ఎంజీఏ ఎదను ఆపే మందు కదా, దాన్నే పెట్టి ఎద తెప్పించడం ఎలా? మోనెన్సిన్ కూడా హార్మోన్లను కదుపుతుందని విన్నాను, రెండూ ఒకదానికొకటి అడ్డు పడతాయా? మూడోది, 14 రోజులు సరిగ్గా పెట్టినా సగం పెయ్యలు గురి తప్పుతాయని చాలామంది అంటారు, కారణం ఏమిటి?

---

రూమెన్ గది

మొదటి రెండూ నేను చెప్తాను. మూడోది మిక్సర్ మావయ్య చెప్తేనే బాగుంటుంది.

ఎంజీఏ అంటే మెలెంజెస్ట్రాల్ ఎసిటేట్. ప్రొజెస్టిరాన్ హార్మోన్ లాంటి పని చేసే కృత్రిమ పదార్థం, నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుంది, దాని గొప్ప అదే. అమెరికాలో 1968లో ఫీడ్‌లాట్ (మాంసం కోసం మేపే) పెయ్యల కోసం అనుమతి వచ్చింది. చూడి కట్టించడానికి ఉంచుకునే పెయ్యల్లో ఎదను అణచడానికి 1997లో వచ్చింది. మోతాదు రోజుకు 0.5 మి.గ్రా. గ్రాములో రెండు వేలవ వంతు. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత వచ్చే తిప్పలన్నీ ఇందులోంచే వస్తాయి.

అండం విడుదల కావాలంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి అండాన్ని విడుదల చేయించే హార్మోన్ ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఉప్పెనలా రావాలి. ఎంజీఏ ఆ ఉప్పెనను ఆపుతుంది. కానీ ఈ మోతాదులో ఎల్‌హెచ్ చిన్న చిన్న తడవలుగా రావడాన్ని మాత్రం పెద్దగా ఆపలేదు. సీఎల్ (అండం విడుదలైన చోట ఏర్పడే గడ్డ, కార్పస్ లూటియం) నుంచి వచ్చే అసలు ప్రొజెస్టిరాన్ ఆ తడవలను కూడా నెమ్మదింపజేస్తుంది, ఎంజీఏకి అంత బలం లేదు. దాంతో సీఎల్ కరిగిపోయిన పెయ్యలో ఒక పెద్ద ఫాలికల్ (అండం పెరిగే నీటి సంచి) పగలకుండా, చావకుండా రోజుల తరబడి పెరుగుతూ కూర్చుంటుంది. దాన్నుంచి ఈస్ట్రడయోల్ (ఒక ఈస్ట్రోజెన్ హార్మోన్) మామూలు కంటే ఎక్కువ వస్తుంది. ఫీడ్‌లాట్‌లో ఎంజీఏ పెట్టిన పెయ్యలు ఒళ్లు చేయడానికి కారణం ఆ ఈస్ట్రడయోలే. అండాశయాలు తీసేసిన పెయ్యలకు ఎంజీఏ పెట్టినా ఆ లాభం రాదు.

ఎంజీఏ ఆపగానే ఆ ముదిరిన ఫాలికల్ పగులుతుంది, పెయ్య ఎదకొస్తుంది. ఆ అండం వయసు మీరినది. కడితే చూడి నిలవడం తక్కువ. అందుకే ఆపిన మొదటి వారంలో వచ్చే ఎదకు కృత్రిమ గర్భధారణ చేయించకూడదు, ఆంబోతును కూడా దగ్గరికి రానివ్వకూడదు. ఆ ఎద మనకు గడియారం సరిచేసుకోవడానికి మాత్రమే. అక్కడి నుంచి అందరి చక్రం కొంచెం అటూఇటూగా ఒకేచోట మొదలవుతుంది. ఎంజీఏ ఆపిన 19వ రోజుకు చాలా పెయ్యల్లో సీఎల్ బాగా ముదిరి ఉంటుంది, అప్పుడు ప్రోస్టాగ్లాండిన్ సూది ఇస్తే అది కరుగుతుంది, అసలైన, చూడి కట్టగల ఎద వస్తుంది. పాత పద్ధతిలో 17వ రోజున ఇచ్చేవాళ్లు. ఆ రోజుకు కొన్నిటిలో సీఎల్ ఇంకా లేతగా ఉంటుంది, సూదికి జవాబు ఆలస్యంగా వస్తుంది. 19కి జరపడం వెనక కారణం అదే.

మీ తేదీలకు: ఏప్రిల్ 15న మొదటి మేపు, 28న ఆఖరి మేపు. మే 17న ప్రోస్టాగ్లాండిన్. 72 గంటల తర్వాత, అంటే మే 20న, ఎల్‌హెచ్‌ను విడుదల చేయించే జీఎన్‌ఆర్‌హెచ్ సూదితో పాటు గర్భధారణ. 17న ఉదయం 8కి సూది వేస్తే 20న ఉదయం 8కే చేయాలి. రెండు గంటలు అటూఇటూ పర్వాలేదు. 60 పెయ్యలు కాబట్టి సూది వేసిన వరసలోనే చ్యూట్ (పశువును ఇరికించి పట్టే సన్న దారి)లోకి తోలితే లెక్క చెడదు.

ఇంకా ఎదకు రాని పెయ్యల సంగతి వేరు. వాటి మెదడులోని హైపోథలమస్ కొంచెం ఈస్ట్రడయోల్ తగిలినా ఎల్‌హెచ్‌ను అణిచేస్తుంది. ఎదవయసుకు దాదాపు 50 రోజుల ముందు నుంచి ఆ పట్టు సడలుతూ వస్తుంది. కొన్నాళ్లు ప్రొజెస్టిన్ (ఎంజీఏ లాంటి మందు) తగిలించి తీసేస్తే ఆ సడలింపు త్వరపడుతుంది, ఎల్‌హెచ్ తడవలు పెరుగుతాయి, కొన్ని పెయ్యలు మొదటిసారి ఎదకొస్తాయి. గుమ్మం దాకా వచ్చిన పెయ్యకే ఇది పనిచేస్తుంది. తల్లుల బరువులో 45 శాతమే ఉన్న పెయ్యను ఎంజీఏ పైకి లాగలేదు. మీవి 59 శాతం, కాబట్టి ఫర్వాలేదు.

---

రూమెన్ గది

మోనెన్సిన్ గురించి విడిగా. అది హార్మోన్ కాదు, హార్మోన్‌కు నకలూ కాదు. స్ట్రెప్టోమైసిస్ సిన్నమోనెన్సిస్ అనే సూక్ష్మజీవి తయారుచేసే అయనోఫోర్. రూమెన్‌లో (పశువు మొదటి పొట్టలో) కొన్ని బ్యాక్టీరియాలను అణచి, ప్రొపియోనేట్ ఉత్పత్తిని పెంచుతుంది, ఎసిటేట్, మీథేన్ తగ్గుతాయి. ప్రొపియోనేట్ కాలేయానికి వెళ్లి గ్లూకోజ్ అవుతుంది. దాని వెంట ఇన్సులిన్, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్-1 హార్మోన్ కదులుతాయి. అండాశయానికీ హైపోథలమస్‌కూ "ఇంట్లో బియ్యం ఉన్నాయి" అనే కబురు ఇలా చేరుతుంది.

టెక్సస్‌లో 1979లో బ్రాంగస్ పెయ్యల మీద వచ్చిన పరిశోధన ఇందులో తొలి మైలురాళ్లలో ఒకటి. మోనెన్సిన్ తిన్నవి చిన్న వయసులోనే ఎదకొచ్చాయి. దాని తర్వాతి ప్రయోగాల్లో ఆసక్తికరమైనది ఏమిటంటే, ఎదకు రాని పెయ్యలకు గొనాడోట్రోపిన్ (అండాశయాన్ని పనిచేయించే హార్మోన్) ఇస్తే మోనెన్సిన్ తింటున్నవాటి అండాశయాలు ఎక్కువగా స్పందించాయి. ప్రొపియోనేట్‌ను నేరుగా నాలుగో పొట్టలోకి ఎక్కిస్తే జీఎన్‌ఆర్‌హెచ్‌కు ఎల్‌హెచ్ జవాబు పెరిగింది. అంటే బరువు పెరగడం ఒక్కటే దారి కాదు.

ఎంజీఏకి అడ్డు పడదు. రెండింటి దారులు వేరు. ఒకటి నేరుగా మెదడు దగ్గర తలుపు వేస్తుంది, రెండోది రూమెన్ గుండా తిరిగి వస్తుంది. ఒకటే గుర్తుంచుకోండి: ఇప్పటికే రోజుకు 0.8 కిలో పెరుగుతున్న పెయ్యల్లో మోనెన్సిన్ వల్ల ఎదవయసు పెద్దగా ముందుకు జరగదు. నాసిరకం గడ్డి మీద, అత్తెసరు శక్తితో ఉన్నవాటిలోనే తేడా కనపడుతుంది.

---

మిక్సర్ మావయ్య

మూడో ప్రశ్న నాకు వదిలినందుకు సంతోషం. సగం పెయ్యలు గురి తప్పడానికి హార్మోన్ కాదు, గాడి కారణం.

లెక్క చూడండి. 60 పెయ్యలు × 0.5 మి.గ్రా. × 14 రోజులు = 420 మి.గ్రా. మొత్తం మందకు రెండు వారాలకు అర గ్రాము కూడా లేదు. పొడి ప్రీమిక్స్‌లో కిలోకు 440 మి.గ్రా. ఉంటుంది, అంటే 955 గ్రాముల ప్రీమిక్స్. దాన్ని తలకు 0.9 కిలోల దాణా చొప్పున 756 కిలోల్లో కలపాలి. నేరుగా పారబోసి మిక్సర్ తిప్పితే ఒక మూల సున్నా, ఒక మూల రెండింతలు.

మూడు మెట్లలో కలుపుతారు. ముందు ఆ 955 గ్రాములు 10 కిలోల మెత్తగా ఆడిన జొన్నలోనో మొక్కజొన్నలోనో. తర్వాత అది 90 కిలోల్లో. ఆ 100 కిలోలు మిగతా దాణాలో, మిక్సర్ సగం నిండాక మధ్యలో పోయాలి, అడుగున కాదు. పొడి కింద పేరుకోకుండా 1 శాతం మొలాసిస్ గానీ నూనె గానీ. ఇదంతా వద్దనుకుంటే మిల్లు నుంచే కలిపిన గుళికలు తెచ్చుకోండి. 60 పెయ్యలకు అదే చవక, అదే నయం.

ఇక గాడి. తలకు 45 నుంచి 60 సెంటీమీటర్ల జాగా. 60 పెయ్యలు ఒకే వైపు తినాలంటే 27 నుంచి 36 మీటర్ల గాడి కావాలి. తక్కువైతే పొగరుబోతు పెయ్యలు రెండింతలు మెక్కుతాయి, బెదురుగొడ్లు వెనక నిలబడతాయి. ఎక్కువ తిన్నదానికి పెద్ద నష్టం లేదు. తక్కువ తిన్నదే మందను చెడగొడుతుంది.

ఎలా అంటే: ఒక పెయ్య 10వ రోజు నుంచి దాణా దగ్గరికి రాలేదనుకోండి. 13వ రోజుకు ఎదకొస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చే 33వ రోజుకు దాని చక్రంలో అది 20వ రోజు. సీఎల్ దానంతటదే కరిగిపోయి ఉంటుంది, సూదికి కరిగించడానికి ఏమీ లేదు. ఒకటి రెండు రోజుల్లో సొంతంగా ఎదకొచ్చి, 36వ రోజున మీరు గర్భధారణ చేయడానికి వచ్చేసరికి అండం ఎప్పుడో విడుదలైపోయి ఉంటుంది. వీర్యం స్ట్రా ఖర్చు దండగ.

అందుకే ఏప్రిల్ 15 కంటే వారం ముందు నుంచే అదే దాణా, అదే వేళకు, మందు లేకుండా అలవాటు చేయండి. అన్నీ ఒకేసారి గాడి దగ్గరికి పరుగెత్తుకొచ్చేలా ఉండాలి. అప్పుడు మందు కలిపింది మొదలుపెట్టండి. 14 రోజుల్లో ఒక్కరోజు కూడా జారకూడదు. దాణా వేసి వెళ్లిపోకండి, పది నిమిషాలు నిలబడి ఏది తినట్లేదో చెవి నంబరు రాసుకోండి.

---

పశువైద్యురాలు తెనాలి

మావయ్య చెప్పినదానికి ఒక పరీక్ష కలుపుతున్నాను. తోక మొదట్లో సుద్దగానీ స్టిక్కర్ గానీ పెట్టి రెండుసార్లు చూడాలి.

మందు నడుస్తున్న రోజుల్లో, నాలుగో రోజు తర్వాత కూడా ఎక్కించుకుంటున్న పెయ్య కనపడితే అది మందు తినట్లేదు. ఏప్రిల్ 28న ఆపాక 2 నుంచి 7 రోజుల్లో ఎక్కువ పెయ్యలు నిలబడి ఎక్కించుకోవాలి. చాలా తక్కువే వచ్చాయంటే రెండే కారణాలు: మందు అందలేదు, లేదా పెయ్యలు ఇంకా ఎదవయసుకు రాలేదు. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా మే 17న సూదుల మీద డబ్బు పెట్టకండి.

తేల్చడానికి దారి, మందు మొదలుపెట్టే ముందే మలద్వారం గుండా గర్భాశయం, అండాశయాలు చూసి 1 నుంచి 5 వరకు స్కోరు వేయించడం. 1 అంటే గర్భాశయపు కొమ్ములు సన్నగా, పట్టు లేకుండా. 5 అంటే సీఎల్ చేతికి తగులుతుంది. మందలో సగమైనా 4, 5 ఉంటేనే ఎంజీఏ పద్ధతికి దిగండి. 1 వచ్చినవాటిని అమ్మకపు గుంపులోకి నెట్టండి, వాటిమీద హార్మోన్ ఖర్చు దండగ.

ప్రోస్టాగ్లాండిన్ సూది సంగతి కూడా: డైనోప్రోస్ట్ అయితే 25 మి.గ్రా., కండలోకి. చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసా ముట్టుకోకూడదు. మిగతావాళ్లూ చేతి తొడుగులు వేసుకోవాలి. చూడితో ఉన్న ఆవు పొరపాటున ఆ వరసలోకి వస్తే ఈసుకుపోతుంది, కాబట్టి గుంపులో చూడిపెయ్య లేదని ముందే చూసుకోండి.

---

నెబ్రాస్కా పెయ్యలు

అందరికీ ధన్యవాదాలు. గాడి 22 మీటర్లే ఉంది. రెండు గుంపులు చేయక తప్పదు.

ఎంజీఏ, మోనెన్సిన్ ఒకే దాణాలో కలపవచ్చా, వేర్వేరుగా పెట్టాలా?

---

మిక్సర్ మావయ్య

శరీరానికి సంబంధించి రెండూ కలిసినా గొడవ లేదు, చట్టానికి ఉంది. అమెరికాలో దాణాలో కలిపే మందును లేబుల్ దాటి వాడటానికి పశువైద్యుడికి కూడా అధికారం లేదు. ఆ జోడీ, ఆ మోతాదు, ఆ తరగతి పశువు, మూడూ లేబుల్ మీద ఉండాలి. ఫీడ్‌లాట్ పెయ్యల లేబుల్ చూపించి "మనకూ అదే" అనుకోవడం కుదరదు. మిల్లులో లేబుల్ కాగితం అడిగి, కట్టబోయే పెయ్యలు అని రాసి ఉందో లేదో చదవండి. ఆ రెండిటికీ విడిగా అయితే వీఎఫ్‌డీ (దాణా మందుకు పశువైద్యుడు రాసిచ్చే అనుమతి) కాగితం అక్కర్లేదు. టైలోసిన్ లాంటి యాంటీబయాటిక్ కలిస్తే 2017 నుంచి తప్పనిసరి.

మాంసం ఐరోపాకు వెళ్లే మంద అయితే ఎంజీఏ ఆలోచనే వద్దు. ఐరోపా నిషేధించిన ఆరు హార్మోన్లలో అదొకటి. డబ్ల్యూటీఓలో అమెరికా, కెనడా గొడవ పెట్టుకున్నది ఈ జాబితా మీదే. మోనెన్సిన్‌ను కూడా పెరుగుదల కోసం పెట్టడం అక్కడ 2006 జనవరి 1 నుంచి ఆగిపోయింది.

---

కోడెకారు ప్రకాశం

అన్నలూ, ఒంగోలు పెయ్యలకు ఇవి పనికొస్తాయా? మా దగ్గర మూడేళ్లు దాటినా ఎదకు రానివి ఉంటాయి. ఊళ్లో "ఎదపొడి" అని ప్యాకెట్లు అమ్ముతున్నారు, వాటిలో ఎంజీఏ ఉంటుందా? ఇంకోటి, కోడెలకు పత్తిగింజలు నానబెట్టి పెడతాం, దానివల్ల వీర్యం చెడుతుందంటారు, నిజమేనా?

---

పశువైద్యురాలు తెనాలి

ఎదపొడులు ఎక్కువగా ఖనిజ లవణాలు, మూలికల పొడులు. ఎంజీఏ మన దగ్గర వాడుకలో లేదు. ఖనిజాల కొరత ఉన్న పెయ్యకు పొడితో కొంత గుణం కనపడొచ్చు, ఆ పని తక్కువ ధరకు మామూలు మినరల్ మిక్చర్ రోజుకు 30 నుంచి 50 గ్రాములు చేస్తుంది. లోపల ఏముందో ప్యాకెట్ మీద రాయని పొడి దేన్నీ పెట్టకండి. మనవాటికి ప్రొజెస్టిరాన్ అవసరమైతే యోనిలో ఉంచే సీఐడీఆర్ ఉంది, మోతాదు పశువు తిన్నా తినకపోయినా అందుతుంది.

ఒంగోలు జాతికి ఎదవయసు సహజంగానే ఆలస్యం. బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచేవి మన ఒంగోలు సంతతే. అక్కడ రెండేళ్ల పెయ్యలకు, ఈమధ్య 14 నెలల వాటికీ ఇలాంటి ప్రొజెస్టిరాన్ పరికరం పెట్టి తీసి మొదటి ఎద తెప్పిస్తున్నారు. కానీ అక్కడ ఆ లైన్లను త్వరగా ఎదకొచ్చే గుణం కోసం ఎంపిక చేస్తూ వచ్చారు, మేత దండిగా పెడతారు. మూడేళ్ల పెయ్య మన దగ్గర 200 కిలోలే ఉంటే ఏ పరికరమూ పనిచేయదు. నట్టల మందు, రోజుకు 2 కిలోల దాణా, పచ్చిమేత, నాలుగు నెలలు. తర్వాత మాట్లాడుకుందాం.

---

రూమెన్ గది

పత్తిగింజల సంగతి నేను చెప్తాను, ఇది మన ప్రాంతానికి అసలు ప్రశ్న.

పత్తిగింజలో గాసిపాల్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. ఆవులు, పెద్ద పెయ్యలు రూమెన్‌లో చాలావరకు దాన్ని ప్రొటీన్లతో కట్టిపడేసి తట్టుకుంటాయి. కోడెల్లో అది శుక్రకణం నడుమ భాగాన్ని దెబ్బతీస్తుంది. నడుమ భాగం అంటే మైటోకాండ్రియా ఉండే చోటు, శుక్రకణానికి ఇంజన్. మైక్రోస్కోప్ కింద చూస్తే తోక మొదట్లో విరుపులు, ఖాళీలు, కదలిక తక్కువ. కోడె మాత్రం బయటికి నిగనిగలాడుతూ, ఉత్సాహంగా ఉండొచ్చు. అందుకే రైతుకు తెలియదు, కట్టిన ఆవులు తిరగబెడుతుంటే తప్పు ఆవులదనుకుంటాడు.

నానబెడితే పోదు. గాసిపాల్ నీళ్లలో కరగదు. వేడికి ప్రొటీన్‌తో కట్టుబడుతుంది, అప్పుడు హాని తగ్గుతుంది. అందుకే గానుగ వేడి తగిలిన ఎక్స్‌పెల్లర్ చెక్కలో స్వేచ్ఛగా ఉన్న గాసిపాల్ 0.02 నుంచి 0.05 శాతం దాకా పడిపోతుంది. ద్రావకంతో నూనె తీసిన పిండిలో 0.1 నుంచి 0.5 వరకు ఉండొచ్చు. పచ్చి గింజలో అర శాతం పైనే.

300 కిలోల కోడెకు 2 కిలోల పచ్చి గింజలు పెడితే, 0.6 శాతం లెక్కన 12 గ్రాములు, అంటే కిలో శరీర బరువుకు 40 మి.గ్రా. అదే 2 కిలోల ఎక్స్‌పెల్లర్ చెక్క అయితే ఒక గ్రాము లోపు, కిలోకు 3 మి.గ్రా. ఫ్లోరిడాలో హోల్‌స్టీన్ కోడెలకు కిలోకు 14 మి.గ్రా. పెట్టినప్పుడే వీర్యం దెబ్బతింది. అక్కడ పెట్టింది పిండి. గింజ నుంచి గాసిపాల్ కొంచెం నెమ్మదిగా ఊడుతుంది, కాబట్టి 40ని నేరుగా 14తో పోల్చి మూడింతల విషం అనకూడదు. అయినా పునరుత్పత్తికి ఉంచే కోడెకు అది పెట్టదగ్గ మోతాదు కాదు. అదే ప్రయోగంలో రోజుకు 4000 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చిన కోడెల్లో నష్టం చాలావరకు కనపడలేదు. రోజూ అంత విటమిన్ ఇ కొనే బదులు గింజలు మానేసి వేరుశనగ చెక్కకు మారడం తేలిక.

మానేసినంత మాత్రాన వారంలో బాగుపడదు. ఆంబోతులో శుక్రకణం తయారీకి 61 రోజులు, తర్వాత ఎపిడిడిమిస్‌లో వారం పది రోజులు. రెండున్నర నెలల తర్వాత వీర్యం మళ్లీ పరీక్ష చేయించి అప్పుడు మందలోకి వదలండి.

నెమరు పూర్తిగా రాని దూడలకు, అంటే మూడు నాలుగు నెలల లోపు వాటికి, గింజలు, చెక్క రెండూ వద్దు. అక్కడ హాని వీర్యానికి కాదు, గుండెకు.

---

కోడెకారు ప్రకాశం

చాలా విలువైన మాట. ఎడ్లకు?

---

రూమెన్ గది

ఎడ్లకు వీర్యం బాధ లేదు కదా. మితంగా పెట్టుకోండి.

---

నెబ్రాస్కా పెయ్యలు

నాలుగు పెయ్యలకు మానం వాచినట్టు, పొదుగు చిన్నగా దిగినట్టు కనపడుతోంది. చూడి కాదు, స్కాన్ చేయించాం. ఎంజీఏ ఇంకా మొదలే పెట్టలేదు. మోనెన్సిన్ వల్లా?

---

పశువైద్యురాలు తెనాలి

మోనెన్సిన్ వల్ల కాదు. అది ఈస్ట్రోజెన్ పని చేయదు.

మొక్కజొన్న ఎక్కడిది? తేమగా నిల్వ ఉన్నదీ, కంకి చివర ఎర్ర గులాబీ బూజు ఉన్నదీ అయితే ముందు జియరాలెనోన్‌ను అనుమానించండి. ఫ్యుసేరియం బూజు తయారుచేసే విషం, ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. రూమెన్‌లో ఇది ఆల్ఫా, బీటా జియరాలెనాల్‌గా మారుతుంది. ఆల్ఫా రూపం అసలు విషం కంటే బలమైన ఈస్ట్రోజెన్. పందులంత సున్నితం కాకపోయినా, ఎదకు రాని పెయ్యల్లో సరిగ్గా మీరు చెప్పిన గుర్తులే వస్తాయి: మానం వాపు, పొదుగు దిగడం, తెల్లబట్ట, చూడి లేకుండా ఎద గుర్తులు. హైపోథలమస్‌కు తప్పుడు ఈస్ట్రోజెన్ కబురు అందుతుంది కాబట్టి చక్రం కూడా గతి తప్పుతుంది. 1986 నాటి ఒక అమెరికా ప్రయోగంలో కన్నెపెయ్యలకు రోజుకు 250 మి.గ్రా. శుద్ధ జియరాలెనోన్ ఇస్తే చూడి శాతం 87 నుంచి 62కు పడింది.

ఈ మంద మీద ఎంజీఏ మొదలుపెడితే ఏ గుర్తు దేనిదో తెలియదు. ముందు దీన్ని తేల్చుకోండి.

---

మిక్సర్ మావయ్య

నమూనా తీయడంలోనే అందరూ దెబ్బతింటారు. బూజు కుప్పలో అక్కడక్కడా ముద్దలుగా ఉంటుంది. పైనుంచి ఒక గుప్పెడు తీసి ల్యాబ్‌కు పంపితే "లేదు" అని వస్తుంది. పది పన్నెండు చోట్ల నుంచి, అడుగు, మధ్య, పైన, గోడవారన తీసి, అంతా కలిపి ఆడించి, అందులోంచి కిలో పంపండి. కాగితపు సంచీలో. ప్లాస్టిక్‌లో వేస్తే దారిలోనే మళ్లీ బూజు పడుతుంది.

ఐరోపా మార్గదర్శకంలో దూడల, పాడిపశువుల పూర్తి దాణాకు కిలోకు 0.5 మి.గ్రా. హద్దు. కట్టబోయే పెయ్యలకు నేను అదే హద్దుగా తీసుకుంటాను.

మిల్లు వాళ్లు "బెంటోనైట్ కలుపుతాం, విషం పట్టేస్తుంది" అంటారు. అది అఫ్లాటాక్సిన్ అనే వేరే బూజు విషాన్ని బాగా పడుతుంది. జియరాలెనోన్‌ను మామూలు బెంటోనైట్ సరిగ్గా పట్టదు. ఆ జొన్న మార్చడమే మందు. బూజు గింజలను కోతకు సిద్ధమైన ఫీడ్‌లాట్ గుంపుకు, తక్కువ పాళ్లలో మళ్లించవచ్చు, అదీ అఫ్లాటాక్సిన్, డాన్ (ఇంకో బూజు విషం) పరీక్ష చేయించాకే.

---

రూమెన్ గది

మావయ్యా, మీరు మొక్కజొన్నను జొన్న అంటే గుంటూరు వాళ్లు కంగారు పడతారు :)

ఇంకో సంగతి. నెబ్రాస్కా గారూ, మీ దాణాలో ఇథనాల్ ఫ్యాక్టరీ డిస్టిలర్స్ గ్రెయిన్ ఉందా? ఉంటే రెండు తలనొప్పులు. ఇథనాల్ తీసినప్పుడు పిండిపదార్థం పోయి మిగతాది మూడింతలు చిక్కబడుతుంది, మొక్కజొన్నలో ఉన్న బూజు విషం కూడా. కాబట్టి డిస్టిలర్స్ గ్రెయిన్ నమూనా విడిగా పంపండి. రెండోది సల్ఫర్. సల్ఫర్, మాలిబ్డినం కలిస్తే రాగిని కట్టేస్తాయి.

రాగి గురించి అందరూ "తక్కువైతే ఎదకు రావు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అబర్డీన్‌లోని రోవెట్ సంస్థ 1987లో ప్రచురించిన పని దీన్ని తిరగేసింది. ఒక గుంపు పెయ్యలకు దాణాలో కిలోకు 5 మి.గ్రా. మాలిబ్డినం, ఇంకో గుంపుకు ఇనుము ఎక్కువగా పెట్టారు. రెండు గుంపుల్లోనూ రాగి ఒకేలా పడిపోయింది. కానీ మాలిబ్డినం గుంపులోనే ఎదవయసు దాదాపు రెండు నెలలు వెనకబడింది, ఎల్‌హెచ్ విడుదల తగ్గింది, చూడి శాతం కూలింది. ఇనుము గుంపు మామూలుగానే కట్టింది. అంటే అసలు దెబ్బ రాగి తగ్గడంకన్నా మాలిబ్డినం వల్ల. అందుకే రక్తంలో రాగి ఒక్కటే చూసి పొడులు పెంచేయకుండా మేతలో మాలిబ్డినం, సల్ఫర్, తాగే నీళ్లలో సల్ఫేట్ కొలవండి. రాగి, మాలిబ్డినం పాళ్లు 2:1 కంటే పడిపోతే జాగ్రత్త పడాలి.

---

కోడెకారు ప్రకాశం

కోడెలకు గింజలు మానేసి మొక్కజొన్న పిండి బాగా పెంచితే పర్వాలేదా? సంతకు, పోటీలకు నిగారింపు కావాలి.

---

పశువైద్యురాలు తెనాలి

అదీ హద్దులోనే. కెనడాలో లెత్‌బ్రిడ్జ్ వాళ్లు ఏడాది కోడెలకు 80 శాతం ధాన్యం పెట్టి, గడ్డి మీద పెంచినవాటితో పోల్చారు. ధాన్యం కోడెల వృషణాల సంచి మెడ దగ్గర కొవ్వు చేరి, చల్లబడటం తగ్గి, వీర్యం నాణ్యత పడిపోయింది. టెస్టోస్టిరాన్ సంగతి తర్వాత, ముందు వేడే చంపేస్తుంది.

మేత వల్ల హార్మోన్ లాభం కావాలంటే వయసు ముఖ్యం. కోడెదూడలో 10 నుంచి 20 వారాల మధ్య ఎల్‌హెచ్ ఒకసారి పైకి లేస్తుంది. ఆ సమయంలో, మొత్తం మీద 30 వారాల లోపు, పాలు, దాణా దండిగా అందితే ఆ లేపు బలంగా ఉంటుంది, వృషణాలు పెద్దవవుతాయి. ఏడాది దాటాక గుమ్మరిస్తే కొవ్వే. పాలన్నీ పిండుకుని దూడకు ఖాళీ పొదుగు వదిలి, రెండేళ్లకు పొడులు కొనడం మన దగ్గర మామూలైపోయింది.

వృషణాల చుట్టుకొలత 15 నెలల లోపు 30 సెంటీమీటర్లు అన్న అమెరికా హద్దు యాంగస్ లాంటి జాతులకు నప్పుతుంది. ఒంగోలుకు అదే వయసులో ఆ కొలత ఆశించకండి.

పెయ్యల విషయంలోనూ టెక్సస్ వాళ్లు ఇలాంటిదే చూపించారు. 4 నుంచి 6.5 నెలల మధ్య వేగంగా పెరిగిన పెయ్యల మెదడు ముందే సిద్ధమవుతుంది, తర్వాత కొన్నాళ్లు తగ్గించి మేపినా ఆ లాభం చాలావరకు నిలుస్తుంది.

---

నెబ్రాస్కా పెయ్యలు

డిస్టిలర్స్ గ్రెయిన్ 20 శాతం ఉంది. రెండు నమూనాలూ విడిగా పంపుతున్నాను. ఆ నాలుగు పెయ్యలను వేరు చేశాను, దాణా మార్చాను. మిగతావాటికి స్కోరు వేయిస్తాను, ల్యాబ్ జవాబు వచ్చేదాకా ఏప్రిల్ 15 తేదీ పక్కన పెడుతున్నాను.

ఆఖరిది. అదే మిక్సర్ బండిలో రెండు గుర్రాలకు కూడా దాణా కలుపుతాం. ఎంజీఏ వల్ల వాటికేమైనా?

---

మిక్సర్ మావయ్య

ఎంజీఏ సంగతి వదిలేయండి, మోనెన్సిన్ మాట చెప్పండి! గుర్రానికి కిలో బరువుకు 2 నుంచి 3 మి.గ్రా. చాలు, గుండె కండరం పాడైపోయి చస్తుంది. 500 కిలోల గుర్రానికి గ్రాము, గ్రామున్నర. మీ ఒక్క పెయ్యకు ఐదు నుంచి ఏడు రోజుల మోతాదు అది. చిక్కటి ప్రీమిక్స్ ముద్ద మిక్సర్ మూలలో ఒక్కటి మిగిలిపోయినా ప్రమాదమే. బతికినా గుండె బాగుపడదు, తర్వాత ఎప్పుడో పరుగులో పడిపోతుంది.

ఆ బండిలో గుర్రాల దాణా కలపడం ఈరోజే ఆపండి. కడిగితే చాలదా అంటారు, ఆగర్ స్క్రూ కింద, తలుపు రబ్బరు వెనక పేరుకున్నది కడుగుడుకు రాదు. గుర్రాలకు విడి డ్రమ్ము, విడి పార. మందు లేని వేరే పశువుల గుంపుకు అదే బండి వాడాల్సి వస్తే, బండి సామర్థ్యంలో 5 శాతం ఆడించిన గింజ వేసి మూడు నిమిషాలు తిప్పి, అది దింపి, మోనెన్సిన్ తింటున్న పెయ్యల గాడిలోనే పోయండి. వరస కూడా అంతే: మందు లేని దాణా ముందు, మందు ఉన్నది చివర.

---

పశువైద్యురాలు తెనాలి

కుక్కలను కూడా ఆ సంచుల దగ్గరికి రానివ్వకండి. ఇంకోటి, పశువులకే అయినా మోనెన్సిన్ నడుస్తుండగా టియామ్యులిన్, ఎరిత్రోమైసిన్ ఇవ్వకూడదు, విషం పెరుగుతుంది. కొత్తగా మందలోకి తెచ్చిన పెయ్యలకు మొదటి ఐదు రోజులు 100 మి.గ్రా. దాటకుండా పెట్టి, తర్వాతే 200కి ఎక్కించండి. ఒక్కసారిగా ఎక్కిస్తే మేత మానేస్తాయి. ఎంజీఏ పెట్టే 14 రోజుల్లో అలా జరిగితే మావయ్య చెప్పిన 10వ రోజు కథే మళ్లీ.